డ్రైవరు బాబాయిగారి గ్రాఫిక్స్ కార్డు

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనొద్దు. నేను పులి అని రాస్తే మీరు పిల్లి అని చదువుకోవాలి. ఏనుగు అని రాస్తే, బాగా మేసిన పిల్లి. నేను వీధిలోంచి "కుంభవృష్టి!" అని అరిస్తే మా ఆవిడ ఆరేసిన బట్టలు తీయడానికి కూడా లేవదు. కాబట్టి కింద రాసేదాంట్లో కొలతలూ లెక్కలూ అన్నిటినీ మూడుతో భాగించుకోండి. మనిషిని మాత్రం భాగించకండి. ఆయన అంత మనిషే.

పోయిన వారం హైదరాబాదులో ఒక కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాను. మా పాత డబ్బాలో గ్రాఫిక్స్ కార్డు చచ్చిపోయింది. కౌంటరు మీద పెట్టిన కొత్తదాన్ని చేత్తో ఎత్తి చూస్తుంటే, పక్కన నిలబడ్డ ఒకాయన, నేనడక్కుండానే, "రెండు నెలలు ఆగండి సార్. దీని తరవాతి తరం వచ్చేస్తోంది. ఇప్పుడు కొంటే బాధపడతారు" అన్నాడు.

నేను "ఇప్పుడే ఇవ్వండి!" అని అరిచాను. ఆ అరుపుకి మూడంతస్తుల్లో లిఫ్టులు ఆగిపోయాయి. (ఒక కుర్రాడు సెల్‌ఫోన్ లోంచి తలెత్తి చూశాడు.) ఇంటికొచ్చాక ఆ కార్డు డబ్బా విప్పబుద్ధి కాలేదు. బల్ల మీద పెట్టుకుని కూచున్నాను. కళ్ళెదర డ్రైవరు బాబాయిగారు మెదిలారు.

చాలా ఏళ్ళ కిందట నేను బిలాస్‌పూర్‌లో బొగ్గు కంపెనీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. గుమాస్తా కన్నా కాస్త పైన, ఆఫీసరు కన్నా చాలా కింద. రైల్వే కాలనీ గోడకి ఇవతల మా అద్దె ఇల్లు, అవతల ఆయన ఇల్లు. తాతల నాడు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి రైలు పట్టాల మీదే స్థిరపడ్డ కుటుంబం. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు గూడ్సుబళ్ళు నడిపారు. అప్పటికి డ్రైవర్లకి లోకో పైలట్ అని కొత్త పేరు పెట్టారు గాని ఆయన ఒప్పుకునేవారు కారు. "పైలటేటి బాబూ, నేనేటి గాల్లో ఎగిరేనా? డ్రైవర్ని" అనేవారు.

ఇంజనులో ఇద్దరుంటారు, డ్రైవరూ, అసిస్టెంటూ. ఎదర సిగ్నల్ కనపడగానే ఒకరు దాని పేరూ రంగూ గట్టిగా చెప్పాలి. రెండోవాళ్ళు చెయ్యెత్తి అదే మాట తిరిగి చెప్పాలి. "డిస్టెంట్, గ్రీన్." "డిస్టెంట్, గ్రీన్." తిరిగి చెప్పకపోతే చెప్పినట్టు కాదు, విన్నట్టూ కాదు. అది వాళ్ళ డ్యూటీ. బాబాయిగారు దాన్ని ఇంటికి తెచ్చేశారు.

"పాలు, పొయ్యి మీద" అనేవారు పిన్నిగారు పెరట్లోకి వెళ్తూ.

"పాలు, పొయ్యి మీద" అని పేపరు వెనకనుంచి చెయ్యి లేచేది.

నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పిన్నిగారు టీ ఇచ్చి "చక్కెర తక్కువ" అన్నారు. నేను తాగేశాను. ఇద్దరూ నా మొహంకేసి చూస్తూ నిలబడిపోయారు. ఎంతసేపంటే, గోడ మీది బల్లి నాలుగు పురుగుల్ని తినేసేటంతసేపు. ఆఖరికి బాబాయిగారే జాలిపడ్డారు. "తిరిగి చెప్పు బాబూ. లేకపోతే ఆవిడకెలా తెలుస్తాది, నీకు వినబడిందో లేదో?"

"చక్కెర తక్కువ" అన్నాను.

"అచ్ఛా. ఇప్పుడు తాగు."

"తాగీసేడు కదండీ!" అన్నారు పిన్నిగారు.

ఇలా నవ్వుకోవడానికి చాలా ఉంది గాని, ఆయన ఇంట్లో కూచుని పేపరు చదవడానికి కారణం నవ్వేది కాదు. ప్రతి ఏడాదీ జరిగే కంటి పరీక్షలో ఆయన తప్పారు. నీటికాసులు. చూపు పక్కలనుంచి మొదలై లోపలికి మూసుకుంటూ వస్తుందిట, కిటికీ రెక్కలు దగ్గరికి లాగుతున్నట్టు. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం అని డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. రైల్వేవాళ్ళు ఇంజను దింపేసి, డ్రైవర్లకి డ్యూటీలు వేసే ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. తనవాళ్ళందరూ సంచులు భుజాన వేసుకుని బళ్ళెక్కి పోతుంటే, రిజిస్టరులో వాళ్ళ సంతకాలు తీసుకునే పని. ఏడాది చేసి, మిగిలిన సర్వీసు వదిలేసి ఇంటికి వచ్చేశారు.

చుక్కల మందు వేసేటప్పుడూ అదే పద్ధతి. "కుడి." "కుడి." "ఎడమ." "ఎడమ."

ఆయనకి నా స్కూటరు వెనక కూచోవడం సరదా. బండి నడపడం మానేశాక తనకి తనే అసిస్టెంటుగా డ్యూటీ వేసుకున్నారు. సదర్ బజార్ సందుల్లో నా వీపు వెనకనుంచి కేక వినపడేది.

"ఎదర, ఆవు!"

"చూశాను బాబాయిగారూ."

"చూసేవని నాకెలా తెలుస్తాది? ఆవు!"

"ఆవు!"

"ఎడం పక్క, గప్‌చుప్ బండి!"

"గప్‌చుప్ బండి!"

(గప్‌చుప్ అంటే అక్కడ పానీపూరీ.) ఇలా అరుచుకుంటూ పోతుంటే బజారంతా దారి ఇచ్చేది. దుకాణాలు షట్టర్లు దింపేసేవి, పెళ్ళి ఊరేగింపులు పక్క సందులోకి తిరిగిపోయేవి. ఆవు మాత్రం కదిలేది కాదు. ఆవు కదలకపోతే ఆయన నన్ను హారన్ కూడా కొట్టనిచ్చేవారు కాదు. ఆగమంటే ఆగడమే. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ఎర్ర సిగ్నల్ దాటలేదన్నది ఆయన గర్వం. ఒకసారి ఖోంగ్‌సరా దగ్గర అడవిలో సిగ్నల్ పాడై ఎర్రగానే ఉండిపోతే, కాయితం మీద పర్మిషన్ వచ్చేదాకా రెండున్నర గంటలు నిలబడ్డారట. నా లెక్కలో అయితే రెండు రోజులని రాసేవాణ్ణి గాని ఇది ఆయన లెక్క.

"పాడైపోయిందని మీకు తెలుసు కదా?" అన్నాను.

"తెలుసు. సిగ్నల్ తప్పయితే దానిదే తప్పు. దాటేస్తే నాది."

ఇప్పుడు అసలు సంగతి. పెన్షన్ డబ్బుతో ఆయన ఒక కంప్యూటర్ కొన్నారు. అందులో రైలు నడిపే ఆట పెట్టించారు. విదేశాల బళ్ళు, విదేశాల పట్టాలు. రెండు రోజులాడి, "ఇదేటి దారి బాబూ, ఒక్క ఇప్పచెట్టు లేదు" అని విసుక్కున్నారు. కాని ఆ ఆటలోనే సొంతంగా దారి కట్టుకునే వీలుందని తెలిసింది. ఇంక చూడండి. రెండేళ్ళు. బిలాస్‌పూర్ నుంచి కోటా మీదుగా కట్నీ వైపు వెళ్ళే లైను, ఖోడ్రీ ఘాటు దాకా, జ్ఞాపకంలోంచి కట్టారు. ఒక్కొక్క స్తంభం, ఒక్కొక్క వంతెన. బేల్‌గహనా స్టేషన్లో నీళ్ళ పంపు. ఫలానా గేటు దగ్గర ఎప్పుడూ కూచునే గొర్రెలు. సాలచెట్లు నాలుగు కోట్లు. మొహం తెరకి ఆనించి, మూసుకుపోతున్న చూపుని చెట్టు వెంట చెట్టుకి తిప్పుతూ పెట్టారు.

ఎందుకని ఒకరోజు అడిగాను. ఆయన పిన్నిగారివేపు చెయ్యి చూపించారు.

"ఆవిడకి చూపించాలి."

"నేను చూడలేదేటి ఆ దారి?" అన్నారు పిన్నిగారు చేటలో బియ్యం ఏరుతూ. "ముప్పై ఏళ్ళు పాస్ మీద తిరిగేను."

"నువ్వు పక్కనుంచి చూసేవు. కిటికీలోంచి ఎవరికైనా లోకం పక్కనుంచే కనబడతాది. ఎదురుగా చూసినోడు డ్రైవరొక్కడే." నావేపు తిరిగారు. "భన్వర్ టోంక్ దగ్గర సొరంగం ఉంది కదేటి. లోపల ఆవిడకి కనబడేదేటి? చీకటి. పిల్లలు ఈలలేస్తారు, బస్. నాకేటి కనబడతాది? చీకట్లో ఎదర చుక్క. ఆవగింజంత. అది శనగ్గింజంత అవుతాది, చెండంత అవుతాది, అలాగే పెద్దదైపోయి... అందులోంచి బైటికొస్తే, మార్చి నెలయితే, కొండంతా మోదుగుపూలు. ఇంజనెక్కించి చూపిద్దారంటే రూలు లేదు. రూలు లేదని ముప్పై ఏళ్ళు ఎక్కించలేదు."

"అడగనూ లేదు నేను" అన్నారు పిన్నిగారు, తలెత్తకుండా.

చిక్కెక్కడొచ్చిందంటే, ఆయన పెట్టినన్ని చెట్లని చూపించే శక్తి ఆ కంప్యూటరుకి లేదు. దారి మొదలెడితే బండి నత్తలా జరిగేది. వంద గజాల అవతల అంతా బూడిదరంగు. చెట్లు దగ్గరికొచ్చాక హఠాత్తుగా మొలిచేవి. సిగ్నల్ అయితే మరీ ఘోరం, నెత్తి మీదికి వచ్చేదాకా కనపడేది కాదు. కిలోమీటరు దూరంనుంచి సిగ్నల్ చూసి బతికినవాడికి అదెంత అవమానమో ఊహించుకోండి. సదర్ బజార్లో కంప్యూటర్ల సేఠ్ చెప్పాడు: దీనికి మామూలు కార్డు చాలదు, అన్నిట్లోకీ పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి, నాగపూర్ నుంచి తెప్పించాలి. ఖరీదు విని నేను కూచుండిపోయాను. ఆయన కూచోలేదు.

అది మార్చి. హోలీ వెళ్ళిన వారం. ఎడమ కన్ను అప్పటికింకా బాగా పనిచేస్తోంది. కొంటే ఆ కార్డుతో తను కట్టిన దారి తను చూసుకుంటారు, ఎక్కడ తప్పిందో దిద్దుకుంటారు, భార్యని పక్కన కూచోబెట్టుకుని తీసుకెళ్తారు. ఆయనకి కావలసింది అంతే.

కాని ఊరంతా ఆగమంది. ఎవరో ఒక కంప్యూటర్ పత్రిక తెచ్చి, జూన్‌లో కొత్త తరం కార్డు వస్తోందనీ, ఇప్పటి దానికి రెండింతల శక్తి ఉంటుందనీ, పాతదాని ధర పడిపోతుందనీ చూపించారు. ఇంక బ్యాంకు క్యాషియర్ ఆగమన్నాడు. మంగ్లానుంచి పాలు తెచ్చే ఆయన ఆగమన్నాడు. డ్యూటీ దిగిన గార్డులు, పిండిమర యజమాని ఆగమన్నారు. సేఠ్ స్వయంగా, "రుక్ జాయియే, అంకుల్" అన్నాడు. నలభై మంది అన్నారు. సదర్ బజార్ ఆవు కూడా ఆగమన్నట్టే నిలబడింది. నేనొక్కణ్ణే, "కొనేయండి బాబాయిగారూ, రేపటి కార్డు రేపు చూసుకుందాం" అన్నాను.

ఆయన ఆగారు.

జూన్ వచ్చింది, కార్డు రాలేదు. ఆగస్టు అన్నారు. రోజూ పొద్దున్న గోడ మీదనుంచి అడిగేవారు. "ఏటి బాబూ, బండెక్కడుంది?"

"ఇంకా బయల్దేరలేదు బాబాయిగారూ."

"ఔటర్‌లో నిలబెట్టీసేరన్నమాట. ఠీక్ హై. లేటు బళ్ళని తిట్టకూడదు, నేనూ తెచ్చేను చాలా." నవ్వేవారు. పిన్నిగారు నవ్వేవారు కాదు. చుక్కల సీసాలు రెండు కాస్తా నాలుగయ్యాయి.

ఆగస్టులో ఒక రోజు, ముసురు పట్టి ఉంది. ఆయన్ని ఎక్కించుకుని స్టేషన్ వేపునుంచి వస్తున్నాను. ఎడం పక్క సందులోంచి కూరగాయల తోపుడు బండి అడ్డంగా వచ్చింది. వెనకనుంచి కేక రాలేదు. నేను గట్టిగా బ్రేకు వేశాను. బండివాడు నన్ను ఛత్తీస్‌గఢీలో నాలుగు తరాలు తిట్టి పోయాడు.

బాబాయిగారి చెయ్యి నా భుజం మీద ఉంది. చాలా నెమ్మదిగా అడిగారు.

"ఏటి బాబూ, ఎందుకాపేవు?"

నేను మళ్ళీ గేరు వేశాను. ఆయనకి అర్థమైంది. ఇంటిదాకా ఆవు అనలేదు, గప్‌చుప్ అనలేదు. గేటు దగ్గర దిగుతుంటే, "ఇవాళే నాగపూర్‌కి ఫోన్ చేయిద్దాం, ఉన్నది కొనేద్దాం" అన్నాను.

"ఆగమన్నారు కదా" అన్నారాయన. "ఇన్నాళ్ళాగి ఇప్పుడు దాటితే బాగోదు."

కార్డు దసరా వెళ్ళాక వచ్చింది. ఇటుకంత ఉంది. రెండు ఫ్యాన్లు. కంప్యూటర్ డబ్బాలో పట్టక, ఇంజన్ల షెడ్డులో పనిచేసే, ఆయనకి పాత పరిచయమున్న ఫిట్టరు ఒకడు చేతిరంపంతో లోపలి రేకు కోసి దారి చేశాడు. అది పెట్టి మీట నొక్కితే కాలనీలో సగం క్వార్టర్లకి దీపాలు డల్ అయ్యాయి. మధ్యాహ్నం మూడు గంటలు. తెర మీద కోటా స్టేషన్ వెలిగింది.

నేనలాంటిది చూడలేదు. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు ఆకులు కదులుతున్నాయి. పట్టాలు మెరుస్తూ దూరంగా, చాలా దూరంగా వెళ్ళి వంపు తిరిగాయి. ఆ వంపు దగ్గర, బియ్యపుగింజంత, సిగ్నల్.

"వచ్చీసిందేటి?" అన్నారు బాబాయిగారు.

ఆయన తెరకి జానెడు దూరంలో ఉన్నారు. అప్పటికి కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ దాంట్లో వెలుగు తెలుస్తోంది, ఆకారాలు తెలియడం లేదు. తల అటూ ఇటూ తిప్పారు. తెరని వేళ్ళతో తడిమారు. తరవాత వెనక్కి జరిగి కూచుని, ఎడం చేతివేపు కుర్చీ తట్టారు.

"రా అసిస్టెంటూ. కూచో. సిగ్నల్ చెప్పు."

పిన్నిగారు చీరకి చేతులు తుడుచుకుని వచ్చి కూచున్నారు.

"స్టార్టర్... పచ్చ."

"స్టార్టర్, గ్రీన్." చెయ్యి లేచింది. బండి కదిలింది.

ఆయన చూడకుండా నడిపారు. ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో వేళ్ళకి తెలుసు. ఆవిడ చెప్పడం, ఆయన తిరిగి చెప్పడం. "గేటు." "గేటు." "వంతెన." "వంతెన." "గొర్రెలున్నాయండీ!" "ఉంటాయి. గొర్రెలు." ఒకసారి ఆవిడ "పసుపు" అనగానే ఆయన బ్రేకు పట్టిన తీరు చూసి నేను కుర్చీ పట్టుకున్నాను. ఘాటు ఎక్కుతుంటే ఇద్దరి గొంతులూ తగ్గాయి.

"చీకటి" అన్నారు పిన్నిగారు.

"చీకటి. ఎదరే చూస్తుండు. చుక్కొస్తాది."

పిన్నిగారు తెరకి ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"వచ్చింది" అన్నారావిడ. "ఆవగింజంత."

"ఆవగింజంత."

"పెద్దదవుతోంది."

"పెద్దదవుతోంది."

"పెద్దదవుతోందండీ... ఓలమ్మో!" బండి బైటికి వచ్చింది. తెరంతా ఎర్రగా అయిపోయింది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆయనే అడిగారు.

"మోదుగులేనా?"

"ఇన్ని పెట్టేరేటండీ? నేను ఎన్నిసార్లు వెళ్ళలేదు ఆ దారిన! ఇన్నెక్కడున్నాయి?"

"ఎక్కువయ్యేయేటి?"

"ఎక్కువే."

"పోనీలే" అన్నారు బాబాయిగారు. "నాకు అన్నున్నట్టే గుర్తు." "సిగ్నల్ చెప్పు" అన్నారు.

మరుసటేడు నాకు బదిలీ అయింది. ఆయన పోయారని పిన్నిగారే ఫోన్ చేసి చెప్పారు. ఏడవలేదావిడ. "ఖోంగ్‌సరా దాకా నేనే తోలతన్నాను బాబూ. నేనే చెప్పుకుని నేనే తిరిగి చెప్పుకుంటన్నాను. అలాగ చెయ్యొచ్చో లేదో, ఆయన్నడగలేదు" అన్నారు.

ఇక నా బాకీ. మొదట్లో భాగించుకోమన్నాను కాబట్టి, దేన్ని ఎంత సాగదీశానో ఒప్పుకోవాలి. సాలచెట్లు నాలుగు కోట్లు కావు. దీపం డల్ అయింది కాలనీలో కాదు, ఆయన గదిలో ఒక్కటే. కార్డు ఇటుకంత లేదు, సగం ఇటుక. చేతిరంపం నిజం. సొరంగం నిజం. మోదుగుపూలు ఆయన చేసిన అతిశయోక్తి, నాది కాదు. వీటన్నిట్లో ఎంతో కొంత ఉన్నదాన్నే పెంచాను. లేనిదాన్ని పుట్టించింది ఒక్క చోట.

ఊరంతా ఆగమందని రాశాను. నలభై మందీ లేరు. పాలాయనకి ఆ కార్డు సంగతే తెలియదు. సేఠ్ అయితే కొనమని రెండుసార్లు ఫోన్ చేశాడు. అమ్ముకునేవాడు కొనొద్దంటాడా? మీకక్కడే అనుమానం రావాల్సింది. బాబాయిగారు సలహా అడిగింది నన్నొక్కణ్ణే. ఆ పత్రిక నాది. తోపుడు బండి రోజున గేటు దగ్గర నేను నాగపూర్ మాటెత్తలేదు. ఇంకో రెండు నెలలే అంటున్నారు అన్నాను. ఆయన "ఆగమన్నారు కదా" అనలేదు, "ఆగమన్నావు కదా" అన్నారు.

హోలీ వెళ్ళిన ఆ వారం, గోడకి ఇవతల నేను, అవతల ఆయన. పత్రిక తెరిచి పట్టుకుని, తెలిసినవాడిలా, "ఆగండి బాబాయిగారూ" అన్నాను. ఆయన వెంటనే చెయ్యెత్తి నా మాట నాకు తిరిగి చెప్పారు.

"ఆగమన్నావు. అచ్ఛా. ఆగేను."